గంటా పది దూరం

పద్నాలుగో వరుసలో కిటికీ పక్క సీటు జేబులో చెయ్యి పెట్టగానే వేళ్లకు మెత్తగా, చల్లగా ఏదో తగిలింది. చూడకుండానే అరటితొక్క అని తెలిసిపోయింది ఆమెకు. ఇరవైమూడేళ్లుగా విమానాల్లో సీటు జేబులు ఖాళీ చేస్తున్న మనిషి. వేళ్లకు కళ్లొచ్చేశాయి. ఉండచుట్టి కుక్కిన కాగితం, సగం తాగిన నీళ్ల సీసా, పిల్లలు నమిలి అంటించిన బబుల్‌గమ్, ఎవరో మరిచిపోయిన కళ్లజోడు, ఏది తగిలినా చెయ్యి బయటికి రాకముందే పేరు చెప్పేస్తుంది. తొక్క తీసి నడుముకు కట్టుకున్న సంచిలో పడేసింది. జేబులోని సూచనల అట్టను తిన్నగా నిలబెట్టింది. బల్ల దించి తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచి పైకెత్తి గడియ తిప్పింది. సీటు మీద బెల్టు రెండు కొసలూ తీసి ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసింది. అలా వేస్తే, చేతులు కట్టుకుని ఎవరికోసమో ఎదురుచూస్తున్న మనిషిలా ఉంటుంది సీటు.

పదిహేనో వరుస.

"ఒసేయ్ గంటాపదీ! ఇంకా పదిహేనులోనే ఉన్నావా? నేను ఇరవైరెండుకొచ్చా!" వెనక నుంచి అరిచింది రేడియో.

రేడియో ఆమెతోపాటే ఉద్యోగంలో చేరింది. అప్పటినుంచి ఇప్పటిదాకా నోరు మూసిన పాపాన పోలేదు కాబట్టి ఆ పేరు. విమానం ఆగి జనం దిగిపోగానే నలుగురు ఆడవాళ్లు ఎక్కుతారు. ఇద్దరు ముందునుంచి వెనక్కి, ఇద్దరు వెనకనుంచి ముందుకి తుడుచుకుంటూ వచ్చి మధ్యలో కలుస్తారు. ఇరవై నిమిషాల్లో ముగించాలి. ఇరవై ఒకటో నిమిషంలో కింద మెట్ల దగ్గర సూపర్‌వైజరు ఈల ఊదుతాడు. అందుకని అతని పేరు విజిల్. అతనికీ ఆ సంగతి తెలుసు.

"నీ నోరు ఇరవైరెండుకొచ్చిందేమో. నీ చెయ్యి ఇంకా ముప్ఫైలోనే ఉంది, వెనక్కి తిరిగి చూసుకో" అంది ఆమె.

మాటకు మాట అన్నదే కానీ మనసు అక్కడ లేదు. నిన్న అక్క దగ్గర్నుంచి మిస్డ్ కాల్ రాలేదు.

చిన్నప్పుడు ఆ పేట మొత్తానికీ పెద్ద గొంతు అక్కది. వీధి చివర ఇటుకల గుట్ట మీద ఆడుకుంటున్న చెల్లెల్ని గుమ్మంలో నిలబడి "చిన్నీ... ఈ... ఈ!" అని పిలిస్తే, మధ్యలో ఉన్న పన్నెండిళ్ల వాళ్లూ తలలు బయటపెట్టి "పోవే, మీ అక్క పిలుస్తోంది" అనేవారు. అమ్మ పనికి పోతే జడ వేసింది అక్క. మొదటిసారి పన్ను ఊడితే దాన్ని కప్పు మీదికి విసిరింది అక్క. ఇద్దరికీ ఒకటే దుప్పటి. చలికాలంలో తెల్లారేసరికి అది మొత్తం చెల్లెలి మీదే ఉండేది. "నిద్రలో లాగేసుకుంటుంది రాకాసి" అని అక్క అందరికీ చెప్పేది కానీ, తనే కప్పేదని చెల్లెలికి తెలుసు.

అక్కకు పెళ్లి కుదిరినప్పుడు, "ఎంత దూరం నాన్నా?" అని అడిగింది. నాన్న గోడలకు సున్నం వేసే మనిషి. నిచ్చెన మీద నుంచి దిగకుండానే, "ఎంతో ఎక్కడిదే, కూతవేటు దూరం" అన్నాడు. పిల్ల ఏడుపు ఆపడానికి అన్న మాట అది. కూతవేటంటే అక్క కేకేస్తే వినపడేంత దూరమే కదా అనుకుని నవ్వుతూ తిరిగింది పెళ్లి అయ్యేదాకా. ఆ కూతవేటు కొండలు చుట్టుకుంటూ పోయే పద్నాలుగు గంటల బస్సు ప్రయాణమని, అక్కను బస్సెక్కించి ఇంటికి వచ్చేటప్పుడు తెలిసింది. ఆ రోజు నాన్నతో మాట్లాడలేదు. మరునాడూ మాట్లాడలేదు.

తర్వాత ఆమెకూ పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది, భర్త పోయాడు, ఆ పిల్ల చదువు కోసం ఈ పనిలో చేరింది. చేరిన మొదటి రోజు ఉదయం పెద్ద హాల్లో మైకులో అక్క ఊరి పేరు వినపడింది. చేతిలో చీపురుతోనే కౌంటరు దగ్గరికి పరిగెత్తింది.

"బాబూ, ఆ ఊరు ఎంత దూరం?"

"నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు, ఆకాశంలో" అన్నాడు కౌంటరు అబ్బాయి తల ఎత్తకుండా. 

"అంటే ఎంతసేపు?"

"గంటా పది నిమిషాలు. అదుగో బోర్డు మీద ఉంది చూడండి."

ఆమెకు అప్పట్లో అంకెలు తప్ప అక్షరాలు రావు. అంకెలు చాలు. ఒకటి, పక్కన పది. ఆ సాయంత్రంలోగా పనివాళ్ల షెడ్డులో ఉన్న ప్రతి మనిషికీ చెప్పేసింది, మా అక్క గంటా పది దూరంలోనే ఉంది అని. వారం తిరిగేసరికి పేరు స్థిరపడిపోయింది.

విచిత్రం ఏమిటంటే, అక్క ఇల్లు కూడా ఆ ఊళ్లో విమానాలు దిగే చోటికి దగ్గర్లోనే ఉంది. మోత భరించలేక ఎవరూ కట్టుకోని చోట బావ రెండు గదులు వేశాడు. డాబా ఎక్కితే విమానం కడుపు కనపడుతుంది. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో ఇద్దరూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. పదకొండుంపావు విమానం ఆమె తుడిచే విమానం. అది నేల వదలగానే చెల్లెలు అక్కకు ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. ఒక్క మోతే. బయల్దేరిందని దానర్థం. అక్క గడియారం చూసుకుని, గంటా ఆరు నిమిషాలకు మెట్లెక్కుతుంది. గంటా పదికి విమానం డాబా మీదుగా పోతుంది. అప్పుడు అక్క ఒక మోత మోగించి ఆపేస్తుంది. వచ్చింది అని.

పద్దెనిమిదేళ్లు. మాట లేదు, పలుకు లేదు. మోతకు మోత.

ఆదివారాలు మాత్రం నోరారా మాట్లాడుకునేవారు.

"శుక్రవారం నీ విమానం నలభై నిమిషాలు లేటు. ఏం తుడిచావే అంతసేపు? రెక్కలు కూడా తుడిచావా?"

"వాన అక్కా. వానకు ఆపేశారు."

"ఇక్కడ ఎండ మాడిపోతుంటే వానేమిటే! నా మోకాళ్లు చూసైనా జాలిపడవు. అయినా ఒక మాట చెప్పుకోవాలి. గంటా పది అంటే గంటా పదే. మా గడియారం తప్పుతుంది కానీ నీ విమానం తప్పదు."

అది విని ఆమె పొంగిపోయేది, విమానాన్ని తనే నడిపినట్టు.

ఉద్యోగంలో ఇరవై ఏళ్లు నిండిన రోజు కంపెనీ వాళ్లు ఒక శాలువా, ఒక కాగితం ఇచ్చారు. ఆ కాగితం చూపిస్తే ఎక్కడికైనా ఒకసారి విమానంలో వెళ్లవచ్చు. కాకపోతే సీటు మిగిలితేనే. పైగా పోను మాత్రమే ఉంది, రాను లేదు.

"రాను ఎందుకే?" అంది అక్క. "నిన్ను తిరిగి పంపేదెవరు? కానీ ఒకటి. వచ్చే రోజు మిస్డ్ కాల్ ఇవ్వడం మరిచిపోయేవు. నా చెల్లెలు నా నెత్తి మీదుగా పోతుంటే డాబా ఎక్కి చూడొద్దూ నేను?"

ఆ మాట అని మూడేళ్లయింది. ముందు కూతురి కాన్పు అడ్డొచ్చింది, తర్వాత మనుషులు తక్కువున్నారని సెలవు దొరకలేదు, తర్వాత వానలు. ఇవన్నీ రేడియోకు చెప్పే కారణాలు. అసలు సంగతి వేరే. ఆ కాగితం షెడ్డులోని తన అరలో ఉన్నంతకాలం, కావాలంటే ఈ రోజే వెళ్లిపోవచ్చు అనే ధీమా ఉండేది. వాడేస్తే ఆ ధీమా పోతుంది. మళ్లీ మధ్యలో కొండలూ, పద్నాలుగు గంటలూ వచ్చి కూర్చుంటాయి.

పద్దెనిమిదో వరుసలో ఉండగా ఏప్రన్ జేబులో ఫోను కదిలింది. పక్క సీటు పట్టుకుని నిలబడింది ఆమె. ఒక మోత. ఆగుతుందని చూసింది. ఆగలేదు. రెండు. మూడు. అక్క నంబరే. కానీ అక్క ఎప్పుడూ పనివేళ ఇంతసేపు మోగించదు.

"పిన్నీ" అంది అక్క కూతురు.

"చెప్పు."

"తెల్లవారుజామున పిన్నీ. నిన్నటినుంచి జ్వరం. నిన్న కూడా పైకెక్కుతానని నాలుగు మెట్లెక్కి అక్కడే కూర్చుండిపోయింది. నేనే కిందికి తీసుకొచ్చా. నీకు చెప్పొద్దంది, కంగారు పడతావని. పొద్దున్న నీళ్లు తాగిద్దామని లేపితే..."

ఆమె సీటు మీద బెల్టు కొసలు తీసి అడ్డంగా వేసింది. తీసి మళ్లీ వేసింది.

"ఎన్నింటికి తీసుకెళతారు?"

"ఒంటిగంటకల్లా అంటున్నారు అందరూ. ఎండాకాలం కదా. నువ్వు బస్సులో వచ్చేసరికి ఎలాగూ... ఫోన్లో చూపిస్తా పిన్నీ. ఏడవకు."

"నేనేం ఏడవడం లేదు. ఒంటిగంట దాకా ఆపు. నేను పదకొండుంపావు విమానానికి వస్తున్నా."

ఫోను జేబులో పెట్టుకుని పంతొమ్మిదో వరుస జేబులు కూడా ఖాళీ చేసింది. అప్పటికి రేడియో ఎదురొచ్చింది. ఆమె ముఖం చూసి, చేరినప్పటినుంచి మొదటిసారి ఏమీ మాట్లాడకుండా నిలబడింది.

విజిల్‌కు రేడియోయే చెప్పింది. అతను ఆమె కన్నా ఇరవై ఏళ్లు చిన్న. ఈల మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా, కాగితం ఉందా? గడువు దాటలేదు కదా?"

"నెలన్నర ఉంది బాబూ."

"విమానం నిండా జనమే ఇవాళ. నేను అడిగి చూస్తాను. ఎవరైనా రాకపోతేనే."

అక్క ఊరి నుంచి విమానం పదింటికి వచ్చి ఆగింది. ఆమె మెట్ల వైపు నడిచింది. విజిల్ అడ్డొచ్చాడు. "నువ్వు ఇప్పుడు పని చెయ్యడమేమిటి? ముగ్గురు చూసుకుంటారు."

"నేనెక్కే విమానం బాబూ. నన్ను తుడుచుకోనివ్వు."

ఎక్కింది. తుడిచింది. రోజూ ఈ విమానంలో అక్క ఊరి పేపర్లు దొరికేవి. ఈ మధ్యే అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చుకుంది కాబట్టి, అక్క ఊళ్లో ఎండ ఎంతుందో, కరెంటు ఎప్పుడు పోతుందో చదువుకుని, ఆదివారం అక్కకు అక్క ఊరి సంగతులే చెప్పి ఏడిపించేది. ఈ రోజు దొరికిన పేపరును మడత విప్పకుండా సంచిలో వేసింది. ఇవాళ్టి పేపరే అయినా నిన్న రాసింది. అందులో ఉన్నవన్నీ అక్క బతికున్నప్పటి సంగతులు. మళ్లీ సంచిలోంచి తీసి నడుము దగ్గర దోపుకుంది.

షెడ్డులోకి వచ్చాక కొత్త చిక్కు బయటపడింది. పని బట్టలతో ప్రయాణికురాలిగా ఎక్కనివ్వరు. పొద్దున్న వేసుకొచ్చిన ఇంటి బట్టలు బ్లీచింగ్ నీళ్లు ఒలికి మచ్చలు పడి ఆరేసి ఉన్నాయి. రేడియో తన అర తెరిచి తన బట్టలు ఇచ్చింది. ఎర్రటి పూలవి, రెండింతలు వెడల్పు.

"ఇందులో నువ్వూ మీ అక్కా ఇద్దరూ పడతారే" అంది. అని నాలిక కరుచుకుంది.

"పడతాం" అంది ఆమె.

విమానం మెట్లు షెడ్డుకు యాభై అడుగులు. వాటి మీదుగా వేల సార్లు ఎక్కింది. కానీ టిక్కెట్టు మీద ఎక్కేవాళ్లు అటునుంచి ఎక్కకూడదు. వెనక గేటులోంచి బయటికి పోయి, గోడ చుట్టూ రోడ్డు మీద నడిచి, ముందు వాకిట్లోంచి వచ్చి, తనిఖీ చేయించుకుని, పిలిచేదాకా కూర్చుని, అప్పుడు రావాలి. యాభై అడుగులకు ముప్పావు మైలు. రేడియో బట్టలు కాళ్లకు అడ్డం పడుతుంటే గుప్పిట్లో పట్టుకుని పరిగెత్తింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి అలా పరిగెత్తుతుంటే టాక్సీ వాళ్లు తప్పుకుని దారి ఇచ్చారు.

కౌంటరులో అమ్మాయి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సీట్లు లేవమ్మా. పదకొండు దాకా ఆగండి, ఎవరైనా రాకపోతే చూద్దాం."

ఆగింది. కుర్చీలు ఉన్నా కూర్చోలేదు. పదకొండుకు ఐదు నిమిషాలుంది. ఎవరైనా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నిద్ర లేవకపోతే బాగుండును. ఎవరికో దారిలో టైరు పంచరైతే బాగుండును. ఎవరికీ కీడు కోరుకోని మనిషి, ఎవరిదో టైరు పోవాలని కోరుకుంటూ తలుపు వైపే చూస్తూ నిలబడింది. ఒక పొడుగాటి మనిషి పెట్టె లాక్కుంటూ పరిగెత్తుకొచ్చాడు. అతను పక్క కౌంటరుకు పోయాడు.

పదకొండూ రెండు.

"అమ్మా, రండి. మూడో వరుస. ఒకరు రాలేదు."

ఆ రావాల్సిన మనిషి ఎవరో, ఎందుకు రాలేదో ఆమెకు ఎప్పటికీ తెలియదు. మూడో వరుస కిటికీ పక్క సీటు. ముప్పావుగంట కింద తనే బెల్టు కొసలు అడ్డంగా వేసి వెళ్లిన సీటు. తీసి కూర్చుంది. కొన్ని లక్షల బెల్టులు సర్దిన చేతికి పెట్టుకోవడం తెలియలేదు. ఎయిర్‌హోస్టెస్ వంగి పెట్టింది. రోజూ మెట్ల దగ్గర ఎదురయ్యే అమ్మాయే. పూల బట్టల్లో గుర్తుపట్టలేదు. ఒక్క క్షణం ఆగి, "అయ్యో, మీరా!" అంది.

విమానం మెల్లగా కదిలి, చాలాసేపు నేల మీదే తిరిగి, ఒక మలుపు తిరిగి ఆగింది. ఇక పరిగెత్తబోతోందని ఇంజన్ల మోతను బట్టి తెలిసింది. ఆ మోత ఇరవైమూడేళ్లుగా బయటినుంచి విన్నదే. ఫోన్లు ఆపేయమని అప్పటికే రెండుసార్లు చెప్పారు. ఆమె ఫోను తీసి, చేతి చాటున అక్క నంబరు నొక్కింది. ఒక్క మోత. ఆపేసింది. మరిచిపోలేదు అక్కా, అనుకుంది.

పదకొండూ ఇరవైఐదు.

నేల కిందికి పోయింది. షెడ్డు అగ్గిపెట్టె అంతయింది. దాని పక్కన ఒక చుక్క చెయ్యి ఊపుతున్నట్టు అనిపించింది, రేడియో అయి ఉంటుంది. తర్వాత కొండలు వచ్చాయి. బస్సులో వెళ్లినప్పుడల్లా కడుపులో తిప్పిన కొండలు, ఒక్కో మలుపులో ఒక్కో ఏడాది పోగొట్టుకున్నంత పొడుగ్గా అనిపించిన కొండలు, ఇప్పుడు పిండి ముద్ద మీద వేళ్ల ముద్రల్లా ఉన్నాయి. దీనికా ఇంత ఏడ్చాం అనుకుంది. ఆరుసార్లు. పద్దెనిమిదేళ్లలో ఆరుసార్లు చూసింది అక్కను. అరలో ఆ కాగితం మూడేళ్లు పడుంది. సీటు జేబులో చెయ్యి పెట్టింది. ఖాళీగా, శుభ్రంగా ఉంది. తన పనే.

చెవులు దిబ్బళ్లు వేశాయి. విమానం వంగింది. ఇళ్లు పెద్దవవుతూ వచ్చాయి. చక్రాలు నేలకు తగిలి సీటు అదిరింది. ఆమె ఉలిక్కిపడి వాచీ చూసుకుంది. పన్నెండూ పదమూడు.

"ఏమైంది తల్లీ? మధ్యలో దింపేశారేం?" కంగారుగా అడిగింది.

"మధ్యలో కాదమ్మా, ఊరొచ్చింది" అంది ఎయిర్‌హోస్టెస్.

"గంటా పది కాలేదుగా! నలభై ఎనిమిది నిమిషాలేగా అయింది?"

ఆ పిల్ల నవ్వింది. "గాల్లో ఉండేది ఎప్పుడూ అంతే అమ్మా. తలుపు మూసినప్పటినుంచి మళ్లీ తెరిచేదాకా లెక్కేసి, దాని మీద ఇంకాస్త వేసి గంటా పది అని రాస్తారు. ఆలస్యమైతే తిట్టకుండా."

ఆమెకు ఏదో గుచ్చుకున్నట్టయింది కానీ, ఆగి చూసుకునే తీరిక లేదు. తలుపు తెరవగానే ఆ అమ్మాయి ఆమెను అందరికన్నా ముందు పంపింది. బయట టాక్సీ ఎక్కి కూర్చున్నాక, వీధి గుర్తు చెప్పాక, నడుము దగ్గరున్న పేపరు గట్టిగా పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది, తను వంగితే బండి త్వరగా పోతుందన్నట్టు.

ఇంటి ముందు జనం ఉన్నారు. తీసుకెళ్లలేదు. అంతవరకే చూసింది ఆమె, ఆ తర్వాత కాళ్లు వాటంతటవే నడిచాయి. అక్క కూతురు గుమ్మంలోంచి ఎదురొచ్చింది.

"పిన్నీ! అప్పుడే ఎలా వచ్చావు? నీ విమానం ఇంకా రాలేదుగా!"

ఆమె వినిపించుకోకుండా లోపలికి పోయింది. అక్క ముందు గదిలో ఉంది. ముఖం చిన్నదైపోయింది. నోరు కొంచెం తెరిచి ఉంది, ఇప్పుడే ఎవరినో పిలవబోతున్నట్టు. ఆమె కూర్చుని, అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అంత దూరమూ దాచిపెట్టుకొచ్చిన ఏడుపు, తీరా వచ్చాక రాలేదు. దుప్పటి కాళ్ల దగ్గర తొలిగి ఉంటే లాగి కప్పింది. "నిద్రలో లాగేసుకున్నావా" అంది మెల్లగా. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఎంతసేపయిందో తెలియదు. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. మోత దగ్గరికి వచ్చింది. గదిలోవాళ్లు మాటలు ఆపారు, ఆ ఇంట్లో అందరికీ అలవాటైన ఆపు అది. అక్క కూతురు గోడ గడియారం చూసింది. పన్నెండూ ముప్ఫైఐదు.

"అదుగో, నీ విమానం వచ్చింది పిన్నీ" అంది అలవాటుగా. అని, పిన్ని ముఖం చూసి ఆగిపోయింది. "మరి నువ్వు ఇక్కడే ఉన్నావుగా. అందులో..."

ఆమె లేచి వాకిట్లోకి వచ్చి తలెత్తింది. విమానం తక్కువ ఎత్తులో, నిండుగా, ఇంటి మీదుగా పోతోంది. తోక మీద ఆకుపచ్చ రంగు. తమ కంపెనీవి నీలం తోకలు. ఆకుపచ్చ తోక విమానం తమ ఊరికి ఎప్పుడూ రాలేదు. ఎక్కడినుంచి వస్తోందో, ఎవరు తుడిచారో, ఏ ఊరి పేపర్లున్నాయో అందులో. తను తుడిచిన విమానం ప్రతిరోజూ ఇరవై నిమిషాల ముందే ఈ డాబా మీదుగా పోయి, దిగి, జనాన్ని దింపేసి నిలబడి ఉండేది. ఆ వేళకు అక్క ఇంకా కిందే, గడియారం ముందు కూర్చుని, మెట్లెక్కే నిమిషం కోసం ఎదురుచూస్తూ ఉండేది. ఆలస్యమైన రోజుల్లో ఆ వేళకు వచ్చిన మరేదో విమానాన్ని చూసి మోత మోగించేది. పద్దెనిమిదేళ్లు. తను చెప్పిన గంటా పది నమ్మి.

"పిన్నీ, ఇన్నాళ్లూ అమ్మ చూసింది మరి..." అక్క కూతురు అడగలేక అడిగింది. ఆ పిల్ల కళ్లు తెల్లవారుజాము నుంచి ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి.

"అదే" అంది ఆమె. "అదే నా విమానం. ఇవాళ నేనే తొందరపడి దానికన్నా ముందొచ్చేశాను."

ఆ పిల్ల నమ్మిందో, నమ్మాలనుకుందో. తల ఊపింది. "వెళ్లేలోపు ఒకసారి పైకెళ్లి చూస్తావా? అమ్మ కూర్చునే చోటు?"

ఆమె ఒక్కతే మెట్లెక్కింది. పదిహేడు మెట్లు. నాలుగో మెట్టు దగ్గర కాసేపు ఆగింది. పైన ఎండ తెల్లగా కాస్తోంది. నీళ్ల ట్యాంకు నీడలో ఒక వెదురు గడ గోడకు చేరేసి ఉంది, మనిషి కన్నా రెండింతలు పొడుగు. దాని కొసకు ఎర్ర గుడ్డ కట్టి ఉంది. చెయ్యి ఊపితే పైనున్న వాళ్లకు కనపడదని అక్క ఎప్పుడో తెలుసుకుందన్నమాట. ఎప్పుడూ చెప్పలేదు. గడ మధ్యలో పట్టుకునే చోట నున్నగా అరిగి మెరుస్తోంది. ఒకప్పుడు బారెడు ఉన్న గుడ్డే అయి ఉండాలి. గాలికి కొస చిరిగినప్పుడల్లా చిరిగినంత కత్తిరించి, మళ్లీ అంచు మడిచి కుట్టి, మళ్లీ చిరిగితే మళ్లీ కుట్టి, ఇప్పటికి జానెడు మిగిలింది. కొత్త అంచు సగం దాకా కుట్టి ఉంది, దగ్గర దగ్గరగా, అక్క కుట్టే తీరులో. మిగతా సగం ఊరికే మడిచి ఉంది, ఆ మడతలో సూది గుచ్చి ఉంది, దాని కంట్లోంచి మూరెడు ఎర్రదారం వేలాడుతూ గాలికి అటూ ఇటూ ఊగుతోంది.